ఇంటి దస్తావేజులో అప్పు మాట

హరిశ్చంద్రుని కథ తెలియని తెలుగువారు అరుదు. 15వ శతాబ్దమున గౌరన దానిని ద్విపదలో చెప్పెను. తరువాతి కాలమున నాటక సమాజములు ఊరూర ఆడెను. చూచువారి కన్నులు చెమర్చునది కాటి ఘట్టమునందు. కాని వ్యవహారజ్ఞునకు అసలు ప్రమాదము అంతకు ముందే, రాజ్యము ధారవోసిన క్షణముననే, జరిగినట్లు తోచును. రాజు తన సర్వస్వమును విశ్వామిత్రునకు ఇచ్చివేసెను. ఇచ్చిన పిదప, యాగమునకై ఒప్పుకొన్న ధనము బాకీగా మిగిలెను. దానిని తీర్చుటకు ఆధారము కాదగిన బొక్కసము అప్పటికే పరాధీనము. బాకీ మనుష్యుని వెంట వచ్చినది, ఆస్తి వెంట పోలేదు. ఆలుబిడ్డలను అమ్మి, తన్ను తాను అమ్ముకొని దానిని తీర్చవలసి వచ్చెను. వదలక వెంటబడి అడుగువానిని తెలుగునాట నేటికిని నక్షత్రకుడనుచున్నారు.

పురాణమున రాజ్యము, వరంగల్లున రెండంతస్తుల ఇల్లు. మట్టెవాడ, గిర్మాజీపేట, కరీమాబాదు వంటి పాత వాడలలోను, హనుమకొండ గల్లీలలోను, కాజీపేట జంక్షను చుట్టును వెలసిన కాలనీలలోను చూచినచో, ఒక్కని సంపాదనతో లేచిన ఇల్లు తక్కువ. 1934లో నెలకొల్పబడి తరువాతి కాలమున మూతపడిన ఆజంజాహి మిల్లు జీతముతో పునాది వేసి, రైల్వే ఉద్యోగపు భవిష్యనిధితో గోడలు లేపి, ఆడపడుచు నగలు అమ్మి పైకప్పు వేసిన ఇండ్లు కలవు. ఇట్టి ఇల్లు తండ్రినుండి కొడుకునకో, అన్ననుండి తమ్మునకో, అత్తనుండి అల్లునకో చేరునాడు ఇంటితో పాటు ఒక అప్పు కూడ ఎచటనో ఉండును. అది బ్యాంకు అప్పు కాదు. బ్యాంకు మూల దస్తావేజులు తన పెట్టెలో పెట్టుకొన్న గాని రూపాయి విడువదు. ఇంటివారి అప్పుకు పెట్టెయు లేదు, తాళమును లేదు.

ఉదాహరణమునకు ఒక కుటుంబమును ఊహింపవచ్చును. తండ్రి వృద్ధుడు. కొడుకు దగ్గరనుండి చూచుకొనుచున్నాడు గనుక ఇల్లు అతని పేర దాన సెటిల్మెంటు చేయదలచినాడు. కూతురు జనగామలో కాపురమున్నది. పై అంతస్తు వేయునాడు ఆమె తన బంగారము అమ్మి అన్నకు 8 లక్షల రూపాయలు అప్పుగా ఇచ్చినది. ఇల్లు పేర అయిన పిమ్మట బ్యాంకులో తీసి ఇచ్చెదనని అన్న మాట. దస్తావేజు లేఖరి యొద్ద కూర్చున్ననాడు మేనమామ గొంతు సవరించుకొని ఆ ఎనిమిది లక్షల సంగతి కూడ వ్రాయించినచో బాగుండునేమో అనును. అన్న ముఖము చిన్నబోవును. "నా మీద నమ్మకం లేదా చెల్లె? కాగితం రాసుకునేటంత దూరమైనమా?" అనును. చెల్లెలు మరి మాటాడదు. ఆ వాక్యము వ్రాయబడదు. వేలిముద్రలు పడును, ఇంటికి వచ్చి మిఠాయి పంచుకొందురు.

ఇచట అన్నను దుర్మార్గునిగా భావింపవలసిన పనిలేదు. కుటుంబ ఋణములు మునుగుట పెక్కుసారులు దుర్బుద్ధి వలన గాక కాలగతి వలననే సంభవించును. ఎనుమాముల మార్కెట్టులో మిర్చి ధర పడిపోయి అన్న వ్యాపారము దెబ్బ తినవచ్చును. అతడు వేరొకరియొద్ద అప్పు తీసి ఇల్లు తనఖా పెట్టవచ్చును. అకాల మరణమే సంభవింపవచ్చును. అప్పుడు ఇల్లు వదినదియు, పిల్లలదియు అగును. ఎనిమిది లక్షల మాట వారు వినియే ఉండరు. అడుగబోయిన ఆడపడుచు ఆ ఇంట దుఃఖసమయమున ధనమునకై వచ్చిన దానివలె కనబడును. నమ్మకము ఇద్దరి మధ్య ఉండును. ఆ ఇద్దరిలో ఒకరు లేనినాడు నమ్మకమునకు వారసులుండరు. కాగితము అడుగుట అవమానమని తలంచువారు ఈ అంశమును విస్మరించుచున్నారు.

మన పూర్వులకు ఇట్టి మొగమాటము లేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున, అనగా 1076 - 1126 నడుమ, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అను వ్యాఖ్య రచించెను. నాడు అనుమకొండ ఏలుచుండిన కాకతీయులు ఆ కల్యాణి ప్రభువులకే సామంతులు. 13వ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. ఇతడు తన దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన తిక్కన, మనుమసిద్ధి పక్షమున ఓరుగంటికి వచ్చి గణపతిదేవుని దర్శించెనని ప్రసిద్ధి. ఇట్లు ఆ ధర్మశాస్త్రము ఈ సీమకు పరాయిది కాదు.

ఆ స్మృతి ఋణపత్రము వ్రాయవలసిన తీరును చెప్పిన పద్ధతి చూచినచో, నేటి రిజిస్ట్రారు కార్యాలయపు వరండాలో కూర్చున్న లేఖరి అది చదివియే వ్రాయుచున్నాడా అని సందేహము కలుగును. సంవత్సరము, మాసము, పక్షము, దినము వేయవలెను. ఇరువురి పేర్లు, గోత్రములు, తండ్రుల పేర్లు ఉండవలెను. విషయము ముగిసిన పిదప, ఫలానావాని కుమారుడనైన నాకు పై వ్రాత సమ్మతమని అప్పు తీసికొన్నవాడు తన చేతితో వ్రాయవలెను. సాక్షులు తమ తండ్రుల పేర్లతో సంతకము చేయవలెను. అన్నిటికి చివర లేఖకుడు, ఇరువురు కోరగా ఇది నేను వ్రాసితినని ముగింపవలెను. తీర్చిన మొత్తమును ఎప్పటికప్పుడు ఆ పత్రము వెనుకనే వ్రాయవలెనని కూడ ఉన్నది. ప్రామిసరీ నోటు వెనుక చెల్లు వేయు నేటి ఆచారము ఇదియే గదా!

వడ్డీ విషయమున స్మృతి ఇంకను సూక్ష్మముగా మాటాడినది. కుదువ ఉన్న అప్పుకు నెలకు అసలులో 80వ వంతు వడ్డీ. లెక్క వేసినచో నూటికి రూపాయి పావలా. కుదువ లేనిచో నూటికి రెండు మొదలు ఐదు వరకు, వర్ణక్రమమును బట్టి. ఆ వర్ణక్రమము పోయినది, పోవలసినదే. కాని ఆధారము గల అప్పు చౌక, లేనిది ప్రియము అను సూత్రము చెక్కుచెదరలేదు. నెలకు నూటికి ఇన్ని రూపాయలని వడ్డీ చెప్పు వాడుక కూడ వరంగల్లు బజారులో నేటికిని అట్లే ఉన్నది. ఆడపడుచు నగల సంగతి కూడ అచట కలదు. కరవునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, చెరబడినపుడును భర్త తీసికొన్న స్త్రీధనమును తిరిగి ఈయకపోయినను దోషము లేదన్నది స్మృతి. ఆ మినహాయింపు భర్తకే. అన్నదమ్ములకు అది చెప్పబడలేదు. మేడ కట్టుట కరవు కాదు, వ్యాధియు కాదు.

ఇక నేటి చట్టము. చెల్లెలికి అన్న ప్రామిసరీ నోటు వ్రాసి ఇచ్చెననుకొందము. అది ఏమియు లేకుండుట కంటె మేలు. కాని 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము అట్టి అప్పుకు ఆయువు 3 సంవత్సరములు. గడువు లోపల కొంత చెల్లించి వెనుక వ్రాసి సంతకము చేసినను, అప్పు ఉన్నదని వ్రాతమూలకముగా ఒప్పుకొన్నను మరల 3 ఏండ్లు వచ్చును. అన్నను ప్రతి మూడేండ్లకు సంతకమడుగు చెల్లెలు ఎచటనైన ఉన్నదా? రాఖీ కట్టుటకు పోయి నోటు చేతికిచ్చుట సాధ్యమా? అంతేకాదు, నోటు మనిషిని పట్టుకొనును గాని ఇంటిని పట్టుకొనదు. అన్న రేపు ఇల్లు అమ్మివేసినచో కొన్నవానిపై చెల్లెలికి ఏ హక్కును లేదు.

ఇంటిని పట్టుకొను సాధనములు వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 58వ సెక్షనులో తనఖాను, 100వ సెక్షనులో భారమును నిర్వచించినది. తనఖా 100 రూపాయలకు తక్కువ కానిదైనచో, మూల దస్తావేజులు అప్పగించు పద్ధతి తప్ప తక్కినవన్నియు ఇద్దరు సాక్షులతో రిజిస్టరు కావలెను. స్వాధీనము ఈయకుండ చేయు సాదా తనఖాలో ఇల్లు అన్న చేతనే ఉండును, అతడే కాపురముండును. అప్పు తీరనిచో కోర్టు ద్వారా ఇల్లు అమ్మించుకొను హక్కు చెల్లెలికి ఉండును. గడువు 3 ఏండ్లు కాదు, సొమ్ము చెల్లవలసిన తేదీనుండి 12 ఏండ్లు. ఈ ఒక్క భేదము చాలును.

క్రమము మాత్రము తప్పరాదు. అప్పు ఎవరిదో ముందు తేల్చుకొనవలెను. అప్పు తండ్రిదైనచో, ఇల్లు ఇంకను తన పేర ఉండగానే ఆయన కూతురికి తనఖా వ్రాసి, ఆ పిమ్మట ఆ భారముతోనే కొడుకునకు ఈయవలెను. అప్పు కొడుకుదైనచో, ముందు ఇల్లు అతనికి చేరవలెను, ఆ వెంటనే అదే దినమున అతడు చెల్లెలికి తనఖా వ్రాయవలెను; తనది కాని ఇంటిని ఎవడును కుదువ పెట్టజాలడు. రెండు పత్రములకు నడుమ నెల గడిచినచో ఆ నెలలో ఏమైనను జరుగవచ్చును. కుదువయందును, దానమునందును, క్రయమునందును ముందు జరిగినదే బలవత్తరమని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. నేటి చట్టము 48వ సెక్షను కూడ అదియే చెప్పుచున్నది. వ్రాసిన నాటినుండి 4 నెలల లోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవచ్చును గాని అంతకాలము జేబులో పెట్టుకొని తిరుగుట వివేకము కాదు.

రెండు పత్రముల ఖర్చు భారమనుకొన్నవారికి ఇంకొక దారి కలదు. సెటిల్మెంటు దస్తావేజులోనే తండ్రి ఒక షరతు వ్రాయింపవచ్చును: ఈ ఇల్లు పుచ్చుకొన్న కుమారుడు ఫలానా తేదీలోపల నా కుమార్తెకు 8 లక్షలు చెల్లింపవలెను, చెల్లించువరకు ఈ ఇంటిపై ఆ సొమ్ము భారముగా ఉండును అని. ఇది 100వ సెక్షను చెప్పు భారము. ఇందులో ఒక మెలిక లేకపోలేదు. సంగతి తెలియక వెలనిచ్చి కొన్నవానిపై ఈ భారము చెల్లదు. అయితే రిజిస్టరైన దస్తావేజులో ఉన్న మాట తరువాత కొన్నవానికి తెలిసినట్లే లెక్క. కనుక ఆ వాక్యము విడి కాగితముపై గాక దస్తావేజు నడుమనే, మొత్తముతో, గడువుతో, వడ్డీ ఉన్నదో లేదో చెప్పుచు ఉండవలెను. కొడుకు కూడ పుచ్చుకొన్నవానిగా అందులో సంతకము చేయుట మంచిది.

దానము గాక విక్రయమైనచో చట్టమే కొంత సాయము చేయును. వెల పూర్తిగా ముట్టకముందే ఇల్లు కొన్నవాని పేర మారినచో, మిగిలిన సొమ్ముకు ఆ ఇంటిపై అమ్మినవానికి తనంతట తానే భారము కలుగునని 55వ సెక్షను. అయినను ఈ మేలును మనవారు తమ చేతులారనే పోగొట్టుకొనుచున్నారు. తమ్మునికి ఇల్లమ్మిన అన్న, సగము సొమ్ము రావలసి ఉండగనే, లేఖరి అలవాటుగా వ్రాయు యావత్తు సొమ్ము ముట్టినది అను వాక్యము క్రింద సంతకము చేయును. రావలసినదున్నదని నిరూపించు భారము ఇక అతని తలపైననే పడును. తెలియక కొన్న మూడవవాడు వచ్చెనా, ఆ వాక్యమే వానికి రక్ష.

ఇంతకంటె ప్రమాదకరమైనది, అప్పుకు హామీగా ఇల్లు అమ్మినట్లు వ్రాసి, అప్పు తీరిన పిమ్మట తిరిగి వ్రాసి ఇచ్చెదనని నోటిమాట తీసికొనుట. బావమరదుల నడుమను, వియ్యంకుల నడుమను ఇది పాత అలవాటు. ఈ కపటము ఎరిగియే శాసనకర్తలు 1929లో చట్టమును సవరించి, తిరిగి ఇచ్చు షరతు అదే పత్రములో లేనిచో దానిని తనఖాగా భావింపరాదని కట్టుదిట్టము చేసిరి. షరతు అందులోనే ఉన్నచో, అది నిజమునకు తనఖాయని కోర్టు గ్రహించినచో, సొమ్ము కట్టి విడిపించుకొను హక్కును ఏ మాటలును చంపజాలవు. వేరు కాగితమున వ్రాసినచో ఆ రక్షణ లేదు. ఈ ఒక్క నియమము తెలియక సొంత ఇంటికి కిరాయిదారులైనవారి గోడు ఏ న్యాయవాది నడిగినను చెప్పగలడు.

ధనము కాక సేవ బాకీ అయినపుడు మరొక చట్టము ఉన్నది. తలిదండ్రుల, వృద్ధుల పోషణకై 2007లో చేసిన శాసనము 23వ సెక్షను, చూచుకొనవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడనినాడు తిరిగి పొందు అవకాశము కల్పించినది. ఆ షరతు లేకున్న ఈ సెక్షను పనికిరాదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పున చెప్పెను. 2025 జనవరిలో వేరొక తీర్పున, తల్లి ఇచ్చిన దానపత్రముతో పాటు కుమారుడు వ్రాసిన వాగ్దానపత్రమును కలిపి చదివి, దానమును రద్దుచేసెను. ఆ చిన్న కాగితమే లేకున్నచో ఆ తల్లి గతి ఏమి?

ఈ విషయమునకు ఒక చీకటి ముఖము కూడ ఉన్నదనక తప్పదు. ఇంటివారి అప్పు నిలుపుటకు గాక, బయటివారి అప్పు ఎగవేయుటకే ఇల్లు భార్య పేరనో, బావమరది పేరనో మార్చువారున్నారు. ఋణదాతలను వంచింపవలెనను తలంపుతో చేసిన బదిలీని ఆ ఋణదాతలు రద్దు చేయించుకొనవచ్చునని 53వ సెక్షను. అసలు అప్పు లేకయే ఆత్మీయునికి దొంగతనఖా వ్రాసి ఇచ్చుట కూడ ఈ కోవలోనిదే. నిజమైన కుటుంబ ఋణము గలవారు సొమ్ము బ్యాంకు ద్వారా ఇచ్చిపుచ్చుకొనుటకు ఇదియు ఒక హేతువు. రేపు ఎవడైన ఇది కల్పితమనినచో జాడ చూపవచ్చును. 128వ సెక్షను మరియు చిత్రమైనది. ఒకడు తన యావదాస్తిని దానమిచ్చినచో, పుచ్చుకొన్నవాడు ఆ ఆస్తి మేరకు దాత అప్పులకు బాధ్యుడు. ఆ చట్టమే నాడున్నచో విశ్వామిత్రుడు తన దక్షిణను తానే చెల్లించుకొనవలసి వచ్చెడిది! నక్షత్రకునికి కాశిదాక నడక తప్పెడిది.

తండ్రి అప్పు కొడుకు తీర్చుట ధర్మమని నమ్ముకొని ఊరకుండువారికి ఒక మాట. మద్యము, జూదము, వృథాదానము వంటివి తప్ప తక్కిన పితృఋణము పుత్రుడు తీర్చవలెనని స్మృతి. కోర్టులును చిరకాలము దీనిని మన్నించెను. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినపుడు ఆ పిదప చేసిన అప్పులకు ఈ పుత్రధర్మమొక్కటే ఆధారముగా దావా చెల్లదని నిర్ణయించిరి. వారసత్వముగా వచ్చిన ఆస్తి మేరకే ఇప్పుడు బాధ్యత. ధర్మము మనస్సునకు మిగిలినది, కోర్టుకు కాదు.

వరంగల్లున పాత ఇండ్ల విషయమున ఇంకొక చిక్కు. నిజాము కాలపు పత్రములు ఉర్దూలో ఉండును. బైనామా, రెహన్, హిబా, గవాహి అను మాటలు నేటికిని ఇచటి ముసలివారి నోట వినవచ్చును. ముస్లిము కుటుంబములలో హిబాకు స్వాధీనము అప్పగించుట ప్రధానము, 129వ సెక్షను ఆ ధర్మమును అట్లే నిలిపినది. కాని అప్పు మాట నిలుపవలెనన్నచో వారికిని వ్రాతయే శరణ్యము. జిల్లాల పేర్లు కూడ మారినవి. 2016లో వరంగల్ అర్బన్, రూరల్ అను జిల్లాలు ఏర్పడెను; 2021లో అర్బన్ హనుమకొండ జిల్లా అయ్యెను, రూరల్ వరంగల్ జిల్లా అయ్యెను. ఒకే ఇల్లు 2015 పత్రములో ఒక జిల్లాలోను, 2018 పత్రములో వేరొకదానిలోను, 2022 పత్రములో మూడవదానిలోను కనబడవచ్చును. ఇంటి పాత నంబరు, కొత్త నంబరు, నాలుగు వైపుల హద్దులు తనఖా పత్రములోను, సెటిల్మెంటు పత్రములోను అక్షరము తప్పక ఒకటిగా ఉండనిచో, ఈసీ తీయునాడు ఒకటి కనబడి మరొకటి కనబడకపోవచ్చును.

అప్పు తీరిన నాటి పని కూడ పని యే. తీర్చిన పిదప పత్రమును చింపివేయవలెను, లేదా తీరినదని వేరొక పత్రము వ్రాయవలెనని స్మృతి. నేడు చింపిన చాలదు. రిజిస్ట్రారు పుస్తకములోని నకలు అట్లే ఉండును, ఈసీలో తనఖా అట్లే కనబడును. 8 లక్షలు ముట్టిననాడు చెల్లెలు ఋణవిమోచన పత్రము వ్రాసి, ఇల్లున్న సబ్‌రిజిస్ట్రారు కార్యాలయముననే రిజిస్టరు చేయింపవలెను. నాటికి ఆమె జనగామ విడిచి కొడుకు వెంట డల్లాసులోనో, లండనులోనో ఉన్నచో, అచటి భారత రాయబార కార్యాలయమున సంతకము ధ్రువీకరింపజేసి అన్నకు గాక వేరొక ఆప్తునికి అధికారపత్రము పంపవలెను. అట్లు విదేశమున వ్రాసిన పత్రము ఈ దేశము చేరిన 3 నెలల లోపల దానికి స్టాంపు వేయింపవలెను.